వర్దా ఏడుపుకు చప్పట్లు

సినిమా అవార్డుల సంఘం పెద్దలకు,

నేను షఫీకాను. డెబ్బై దాటాయి. ఈజిప్టులో కెనా ఊరి దగ్గర పల్లెలో కోడలు నఈమాతో ఉంటాను. నిన్న టీవీలో మీ సభ చూస్తుంటే నా గొంతే వినిపించింది. అది నా కూతురు వర్దా పోయినప్పుడు నేను కట్టిన ఏడుపు పాట. గుర్తుగా దాస్తానని రికార్డు చేసుకెళ్ళిన మనిషే దాన్ని తన సినిమాలో పెట్టి, బహుమతి అందుకుని, ఎవరు కట్టారో తెలియని పాతపాట అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"అత్తా, నిన్నే మెచ్చుకుంటున్నారు," అంది నఈమా.

"శవం దగ్గర చప్పట్లేంటే?" అన్నాను.

పాటలో వర్దా పేరు కోసేశారు. పేరు లేని ఏడుపు మరో చావును వెతుక్కుంటుందని మా ఆడవాళ్ళు దాన్ని నోటికి రానివ్వరు. మీరు దేశమంతటికీ వినిపించారు. బహుమతి మీరే ఉంచుకోండి. అదే టీవీలో నా బిడ్డ పేరు పలకండి. అప్పుడు మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టకూడదు.

షఫీకా వేలిముద్ర
సాక్షులు: కోడలు నఈమా, వర్దాకు ఆఖరి స్నానం చేయించిన హమీదా