బొమ్మలో ఆవిడ మోకాళ్ళు

బుడంకాయకి మావయ్య దీవెనలు.

ఇక్కడ మీ చిన్నమావయ్య ఇంట్లో అందరూ కులాసా, నేను తప్ప. గోడల్లో పైపులు తుప్పు పట్టాయి, పైగా సొంత మేనకోడలు ఇళ్ళకి సోకులు చేసే చదువు చదివింది కదా అని, నా ఫ్లాటు నీ చేతిలో పెట్టి వచ్చా. పనంతా అయ్యాక ఇల్లు ఎలా ఉంటుందో నువ్వు పంపిన కంప్యూటర్ బొమ్మ అందింది. బాగానే ఉంది. కానీ సోఫాలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్న ఆ గడ్డం వాడెవడు? నాకు తెలీకుండా ఎవణ్ణో అద్దెకి దించావా? వాడు ఖాళీ చేస్తేగాని నేను గడప తొక్కను.

ఇంకోటి. సోఫా ఏంటే, నేలకి అతుక్కుపోయింది? కాస్త ఎత్తు చేయించు.

ఉత్తరం రాయడం కంటే ఇరుకు సందులో బస్సు వెనక్కి తీయడం సుఖం. ఇంక ఆపుతున్నా.

నీ మావయ్య

తా.క. వాడు బూట్లతోనే తివాచీ తొక్కుతున్నాడు. ముందు అది చెప్పు వాడికి.

*

మావయ్యకి నమస్కారాలు.

నవ్వలేక టీ ఒలకబోసుకున్నాను. వాడు మనిషి కాదు మావయ్యా! గది ఎంతుందో తెలియడానికి కంప్యూటర్లో ఎవరో ఒకరి బొమ్మ కూర్చోబెడతాం. తీసేశాను. వాడి బదులు ఓ పెద్దావిడని పెట్టాను, ఇల్లు నిండుగా కనిపిస్తుందని. కొత్త బొమ్మ ఇందులోనే ఉంది, చూడు.

సోఫా మాత్రం ఎత్తు చేయను. పల్లంగా ఉంటేనే పైకప్పు ఎత్తుగా అనిపిస్తుంది, ఇప్పుడదే స్టైలు. అయినా ఎందుకు, మోకాళ్ళ నొప్పులా? మంచి డాక్టరున్నాడు, చూపిస్తాను.

నీ బుడంకాయ

తా.క. వంటింటి గోడ కొట్టించేశాను. అంతా ఓపెన్!

*

బుడంకాయకి దీవెనలు, ఈసారి కాస్త తక్కువగా.

నా మోకాళ్ళకేం రోగం? జన్మంతా బస్సు క్లచ్చు తొక్కిన కాళ్ళు ఇవి. డాక్టరుట!

నా సంగతి వదిలెయ్. బొమ్మలో ఆవిడ సంగతి చూడు. జుట్టంతా నెరిసింది, చేతిలో కప్పు. ఆ గుంటలో దిగబడ్డ మనిషి పైకి ఎలా లేస్తుంది? పట్టుకోడానికి సోఫాకి చేతులైనా లేవు. నీకు జాలి లేదా? స్నానాలగదికి అద్దం తలుపు పెట్టావు, ఆవిడకి సిగ్గుండదా?

నీ మావయ్య

తా.క. కప్పులో ఏముందో కనపళ్ళేదు. చక్కెర తగ్గించమను, ఈ వయసులో.

*

మావయ్యకి, ఆలోచనలో పడ్డ మేనకోడలి నమస్కారాలు.

ఆవిడ కూడా లేదు మావయ్యా! వాడెంత నిజమో ఆవిడా అంతే. కానీ నీ ఉత్తరం చదివాక ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకే పాపం అనిపిస్తోంది. వడ్రంగిని పిలిచి సోఫా ఎత్తు పెంచాను, అటూ ఇటూ చేతులు పెట్టించాను. స్నానాలగదికి చెక్క తలుపు వేయించాను.

ఒకటి అడగనా? అత్తయ్య పోయాక ఇన్నేళ్ళలో నువ్వు ఒకరి చక్కెర గురించి పట్టించుకోవడం ఇదే మొదలు. ఏంటి కథ?

నీ బుడంకాయ

తా.క. ఆవిడ ఎప్పుడు దిగుతారని వడ్రంగి అడుగుతున్నాడు.

*

బుడంకాయకి దీవెనలు, పూర్తిగా.

కథా లేదు, కాకరకాయా లేదు. సోఫాకి ఆవిడ సంతోషిస్తుంది. ఇక దీపాలు. అన్నీ పైకప్పులో దాచేశావు, ఇల్లు సినిమా హాల్లా ఉంది. ఆవిడ సూదిలో దారం ఎలా ఎక్కిస్తుంది? మంచం పక్కన స్విచ్చు లేదు. చీకట్లో లేస్తే ఆ గాజు బల్ల తగిలి పడదూ? బల్ల తీసి పారెయ్. వంటింటికి గోడ కట్టించి తలుపు పెట్టు. ఆవిడ కూర మాడిస్తే అది వచ్చినవాళ్ళందరికీ తెలియాలా?

నన్నడిగితే నాకివేవీ అక్కర్లేదు. నేను బండ మీదైనా పడుకుంటా.

నీ మావయ్య

తా.క. ఆవిడకి కాస్త చెముడున్నట్టుంది, మొహం చూస్తే తెలుస్తోంది. కాలింగ్ బెల్లు గట్టిది పెట్టించు.

*

మావయ్యకి మనసారా నమస్కారాలు.

అన్నీ అయిపోయాయి. బెల్లు కొడితే కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడుతున్నాడు. ఇంక వచ్చెయ్.

నువ్వు నోరు విప్పి చెప్పలేకపోతున్నావని నాకు అర్థమైంది. నీ ఉత్తరాలు అమ్మకి చూపించాను. "మా అన్నయ్య ఒంటరిగా ఎంత కుమిలిపోతున్నాడే!" అని కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఫోనందుకుంది. అమ్మ స్నేహితురాలు ఒకావిడ ఉంది. భర్త లేడు, బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. అచ్చం బొమ్మలో ఆవిడ జుట్టే! ఆదివారం అమ్మ ఆవిడని ఇల్లు చూడ్డానికి తీసుకొస్తోంది. నువ్వు ఇంట్లో ఉండాలి.

నీ బుడంకాయ

తా.క. టీలో చక్కెర వేసుకోదట. కనుక్కున్నాను.

*

నా కొంప ముంచిన బుడంకాయకి దీవెనలు.

నీ ఉత్తరం చూసి ఎటైనా పారిపోదామనుకున్నా. మీ చిన్నమావయ్య పళ్ళికిలిస్తూ బ్యాగు సర్ది బస్సెక్కించాడు. ఆదివారం బెల్లు మోగింది, తలుపు తీశా. మీ అమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు అడిగి మరీ పెట్టించుకున్నది నేనేగా!

కొట్టు ఆవిడా నేనూ మిగిలాం. ఆవిడ సోఫాలో కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. సంచీలోంచి టేపు తీసి ఎత్తు కొలిచి, "ఈ కొలత ఎవరు చెప్పారండీ?" అంది.

"బొమ్మలో ఒకావిడ కోసం చేయించాం."

"బొమ్మకి మోకాళ్ళ నొప్పులా?"

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. ఆ చూపు ముందు అబద్ధం నిలబడలేదే. "నాకేనండీ" అన్నా.

"రెండూనా?"

"రెండూ."

"నాకు ఎడమది" అంది.

అదీ సంగతి. గడ్డం వాణ్ణి నిజంగానే మనిషనుకున్నా గానీ, ఆవిడ బొమ్మేనని నాకు మొదటినుంచీ తెలుసు. నా మోకాళ్ళ కోసం డాక్టరన్నావు. ఆవిడ మోకాళ్ళు అనేసరికి వడ్రంగిని పిలిచావు. ఇంక నేనెవరి మోకాళ్ళ గురించి రాయాలి? చీకట్లో తట్టుకుని పడేదీ నేనే, బెల్లు వినపడనిదీ నాకే. ఈ ముక్క మీ చిన్నమావయ్య చెవిన పడిందో, నీకూ నాకూ మాటల్లేవు.

పెళ్ళీ గిళ్ళీ ఏమీ లేదని మీ అమ్మకి గట్టిగా చెప్పు. ఆవిడకీ ఆ ఉద్దేశం లేదట, మొహం మీదే చెప్పింది.

నీ మావయ్య

తా.క. నువ్వు వేసిన కర్టెన్ల కుట్టు బాగోలేదంది. కొత్తవాటికి కొలతలు తీసుకోడానికి వచ్చే ఆదివారం వస్తానంది. టేపు చేతిలోనే ఉంది, అప్పుడే కొలిచేసి ఉండొచ్చు. ఆవిడా అనలేదు, నేనూ గుర్తుచేయలేదు.