అరీబ్ గొంతు

12 ఫిబ్రవరి 2012
బ్యాండ్ పుట్టింది. పేరు నాకాబందీ. మా ఊరు పాల్మాకులలో మా బాపు మూసేసిన కోళ్ల షెడ్డే మా ప్రాక్టీస్ రూమ్. ఎంత కడిగినా వాసన పోలేదు. ఇంటర్ దోస్తు జగదీశ్‌ది గిటార్, నావి డ్రమ్స్. పాడేది అరీబ్, ఎయిర్‌పోర్ట్ కార్గోలో నా పక్కన పెట్టెలు మోసేవాడు. పాడటం కాదు, అరుస్తాడు. సగం దక్కనీ, సగం తెలుగు. వాడు నోరు తెరవగానే నా ఒళ్లు జలదరించింది.

3 జూన్
విమానం నెత్తిమీంచి పోతే షెడ్డు రేకులు దడదడలాడతాయి. ఏమీ వినపడదు. అరీబ్ అది పోయేదాకా ఆగి, చప్పుడు తగ్గగానే అరుస్తాడు. ఇప్పుడు ప్రతి పాటలో ఆ గ్యాప్ మా స్టైల్ అయిపోయింది. ఇవాళ బాపు గుమ్మంలోకొచ్చి, ఏందిరా మధూ, గా పిలగానికి కడుపునొస్తుందా, జర దవాఖానకు తీస్కపోరాదు అన్నాడు. పడీపడీ నవ్వాం.

20 నవంబర్
నెట్‌లో పెట్టిన మా పాట ఎక్కడెక్కడికో పోయింది! ఫొటో లేదు, పాడింది అరీబ్ అని పేరొక్కటే ఉంది. బెంగళూరు ఫెస్టివల్ వాళ్లు ఫోన్ చేశారు. ఎవరో తప్పుకున్నారట, ఫ్లైట్ టికెట్లు వాళ్లవే. రోజూ విమానాల్లోకి పెట్టెలు ఎక్కిస్తాను, నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఈ ఆదివారమా, డిసెంబర్ ఎనిమిదా అన్నారు. అరీబ్ సెలవు పెట్టి పాతబస్తీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఆదివారం పీర్ల పండుగ, దాంతో అయిపోతుంది, ఎనిమిది పెట్టండి అన్నాను. మా ఊళ్లో ఏటా పీరు ఎత్తేది బాపే. పీర్ల సంగతి నాకొకరు చెప్పాలా?

26 నవంబర్
చెప్పాల్సింది. పండుగ మా ఊరికి నిన్నటితో అయిపోయింది. అరీబ్ వాళ్లు షియాలు, వాళ్ల ఇంట్లో మొహర్రం సంతాపం ఇంకా రెండు నెలలు ఉంటుందట. పెండ్లిళ్లే చెయ్యం, స్టేజీ మీద పాటేంది భాయ్ అన్నాడు. మీ అబ్బా కాళ్లు పట్టుకుంటానన్నాను. అబ్బా వద్దంటడని కాదు, నేనే పాడను అన్నాడు.
మాటలన్నీ నీకొచ్చు గద, నువ్వే పాడు, డ్రమ్స్‌కు ఎవర్నన్నా పెడదాం అంటాడు జగదీశ్.

30 నవంబర్
పాడితే అరీబ్ పోతాడు. పాడకపోతే బ్యాండ్ పోతుంది.

8 డిసెంబర్, బెంగళూరు
పాడాను. వాడు ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకున్నాను. ఇక్కడ నెత్తిమీద విమానం లేదు, అయినా ఆగాను. జనం అరీబ్, అరీబ్ అని ఊగిపోయారు. నేను చెయ్యి ఊపాను. ఎందుకు ఊపానో!

11 డిసెంబర్
అరీబ్ షెడ్డుకొచ్చి తన మైక్ వైరు చుట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. మా మొహల్లా అంత సంతాపంల నేనే పాడిన అనుకుంటున్నరు, నేను కాదు అని ఒక్క మాట చెప్పకపోతివి అన్నాడు. పాటలు నువ్వే ఉంచుకో, ఇగ నాకొద్దు అన్నాడు.

2 ఫిబ్రవరి 2013
జగదీశ్ కొత్త పాటలు రాయమన్నాడు. ఒక్క లైనూ రాలేదు. ఏది రాసినా అరీబ్ మాటే. విసుగొచ్చి జగదీశ్ గచ్చిబౌలిలో వేరే బ్యాండ్‌లో చేరాడు. అరీబ్ షిఫ్ట్ మార్చుకున్నాడు. నాకు అవే పెట్టెలు, అదే షెడ్డు.

14 జూలై
షెడ్డులో ఒక్కణ్నే. విమానం పోయేదాకా ఆగి, అరిచాను.
అరీబ్ వచ్చిండా అని బయటినుంచి బాపు అడిగాడు.
వచ్చిండు అన్నాను.