నిలువెత్తు బెల్లం

మందమర్రి,
14-7-2024.

చిరంజీవి రచనను ఆశీర్వదించి బాపు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అవ్వా బాగానే ఉన్నాం. వానలు పడుతున్నాయి, వెనక గోడకు చెమ్మ ఎక్కింది, అంతకు మించి చెప్పుకోదగ్గ కష్టం లేదు. కరీంనగర్‌లో నువ్వూ, నీ బ్యాంకూ, నీ అద్దె గదీ క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మన ఇంట్లో ఫోను మాట్లాడే తీరు నీకు తెలియంది కాదు. మీ అవ్వ స్పీకరు పెడుతుంది, నేను ఒకటంటే తను నాలుగంటుంది, పక్కింటి అంతయ్య గోడ మీంచి ఇంకోటి కలుపుతాడు. మొన్న నువ్వు, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాల్నా వద్దా, నువ్వేమంటవు బాపూ అని అడిగావు. నీ ఇష్టం బిడ్డా అన్నాను. గట్లంటే తప్పించుకునుడే గదా అని ఫోను పెట్టేశావు. నాకు కోపం రాలేదు. తెలియని సంగతిలో సలహా ఏం చెప్పను? అందుకే తెలుసుకుందామని బయలుదేరాను.

ముందు మీ అవ్వ సంగతి చెబుతాను. ఆమె ససేమిరా అంది. నువ్వు నెలలు నిండకుండా పుట్టావు, పిల్లికూనంత ఉన్నావు. బిడ్డ దక్కితే నిలువెత్తు బంగారం ఇస్తానని వేములవాడ రాజన్నకు మొక్కింది. బెల్లాన్నే బంగారమనుకునే దేవుడు కాబట్టి మేం బతికిపోయాం. నీ మూడో ఏట నిన్ను తక్కెట్లో కూర్చోబెట్టి అవతలి వైపు బెల్లం ముద్దలు పేరుస్తుంటే, నువ్వు పైకి లేస్తేగా! ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. మీ అవ్వకు అంత సంబరం మా పెళ్లినాడు కూడా చూడలేదు. మొక్కు ఆ ఒక్కసారితోనే తీరింది, కానీ ఆమెకు రుచి మరిగింది. ఏటా తీసుకుపోయి తూయించేది. పోయిన ఏటి కంటే ఒక్క ముద్ద ఎక్కువ పడితే, కాలనీ అంతా తిరిగి బెల్లం పంచేది. అందరూ తమ పిల్లల మార్కులు చెప్పుకుంటే మేం నీ బెల్లం చెప్పుకున్నాం. ఇప్పుడు నువ్వు తగ్గించుకుంటానంటే, దేవుని ముంగట తూచి తెచ్చుకున్న పానం, దాన్ని మల్ల కోయించుకునుడేంది అంటుంది. ఆమె మాటను మొండితనమని తీసిపారేయకు. నువ్వు దక్కావని ఆమెకు తెలిసింది ఆ తక్కెట్లోనే.

నీకు చెప్పకుండా పోయిన బుధవారం ఇద్దరం కరీంనగర్ వచ్చాం. ఆటో నీ బ్యాంకు ముందు నుంచే పోయింది. మీ అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఆమెను గుర్తుపట్టకుండా ఉండటానికి ఆ కొంగు చాలదని నేను చెప్పలేదు. నేను బొగ్గుగనిలో చేసిన రోజుల్లో, పనికి దిగేముందు పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినేవాళ్లం. డొల్లగా మోగితే ముందుకు పోయేది లేదు. నీకు ఆపరేషన్ చేసే డాక్టరును కూడా ప్రశ్నలతో అట్లాగే తట్టి చూశాను. మంచివాడే, విసుక్కోలేదు.

కడుపు సంచిలో చాలా భాగం తీసేసి అరటిపండంత మిగులుస్తారట. మొదట నీళ్లూ జావా, తర్వాత మెత్తటి అన్నం, అదీ గుప్పెడు. విటమిన్ గోలీలు జన్మంతా మింగాలి. షుగరు అదుపులోకి రావచ్చు, మోకాళ్లు తేలికపడతాయి, నిద్రలో ఊపిరి ఆగడం తగ్గుతుంది. అయినా కత్తి కత్తే, ప్రమాదం తక్కువ గానీ అసలు లేదనలేను అన్నాడు. నోరు కట్టుకోకపోతే బరువు తిరిగి వస్తుందన్నాడు. ఆపరేషన్ అయ్యాక ఏడాదిన్నర దాకా, పెళ్లయినా సరే పిల్లలు వద్దు, ఆ తర్వాత కనొచ్చు అన్నాడు. తొందరా అని అడిగాను. రేపే చేయాలని లేదు, అట్లని ఏళ్లు జరపడమూ మంచిది కాదన్నాడు.

తిరిగి వచ్చాక అంతయ్య బిడ్డ దీపికను పిలిచి అడిగాం. తను రెండేళ్ల కిందట చేయించుకుంది కదా. జుట్టు బాగ ఊడింది పెద్దబాపూ, మల్ల వచ్చింది అంది. దావత్‌ల అందరు తింటుంటే నేను చిన్న గిన్నె పట్టుకొని కూసుంట, ఒక్కోపారి ఏడుపొస్తది, కానీ పొద్దుగాల లేస్తే పానం హల్కగుంటది అంది. ఎవరి కోసం చేయించుకున్నవే అని మీ అవ్వ అడిగింది. నా కోసమే పెద్దవ్వా, పక్కోళ్ల కోసమైతే మొదటి నెలనే పరేషానై సచ్చేదాన్ని అంది.

మీ అవ్వ దీపికను గుమ్మం దాకా సాగనంపి వచ్చింది. తర్వాత, జావ ఎంత పల్చగ కాయాల్నో డాక్టర్ సాబును అడగకపోతిమి అంది. ఒప్పుకుంటున్నానని చెప్పడం ఆమెకు అంతకంటే చేతకాదు.

ఇక నా మాట. పెళ్లికొడుకు తారక్ వాళ్లమ్మ దేవకమ్మ నిన్ను చూసిపోతూ, పిల్ల మంచిగున్నది, జర ఆ ఆపరేషన్ చేయించుండ్రి, అయినంక నిశ్చితార్థం పెట్టుకుందాం అంది. ఆ మర్నాడే నువ్వు ఆసుపత్రికి పోయి తారీఖు తీసుకున్నావు. మోకాళ్ల కోసం చూపించుకోమని అంతకు ముందు ఏడాదంతా నేను మొత్తుకుంటే కదల్లేదు. అదే నన్ను తొలుస్తోంది. నన్నడిగితే చేయించుకోమనే అంటాను. నువ్వు ఇంటికొచ్చినప్పుడు నిద్రలో నీ ఊపిరి ఆగితే, పక్క గదిలో నా ఊపిరీ ఆగుతుంది. నాకు భయం బిడ్డా. కానీ జన్మంతా గుప్పెడు తిని బతకాల్సింది నువ్వు. అది వేరేవాళ్ల మెప్పు కోసమైతే, ఆ మెప్పు ఎన్నాళ్లుంటుంది?

కాబట్టి ఒక్క ప్రశ్న. తారక్ సంబంధం అసలు రాకపోయి ఉంటే ఈ ఆపరేషన్ చేయించుకునేదానివా? నాకు చెప్పకు. నీలో నువ్వు చెప్పుకో, ఆ తర్వాతే ఈ కాగితం తిప్పు. నీ సంగతి నాకు తెలుసు, లెక్కల పుస్తకంలో చివరి పేజీ ముందు చూసే రకం. ఈ ఒక్కసారికి బాపు మాట విను.

వేళకు ఇంత తిను. గొడుగు మరిచిపోకు.

దీవెనలతో,
నీ బాపు
పరశురాములు

తా.క. జవాబు చెప్పుకున్నావు కదా. తారక్ సంబంధం తప్పిపోయింది. పిల్లల గురించి డాక్టరు చెప్పింది గురువారం నేనే దేవకమ్మకు ఫోన్ చేసి చెప్పాను, దాచిపెట్టి పెళ్లి చేయడం నాకు రాదు. శుక్రవారం ఆమే ఫోన్ చేసి, పొట్ట కోసిన పిల్ల మాకెందుకు అన్నా, ఏమనుకోకుండ్రి అంది. కోయించుకోమన్నదీ వాళ్లే, కోసిన పిల్ల వద్దన్నదీ వాళ్లే. ఆపరేషన్ అయ్యేదాకా నీకు చెప్పొద్దని, చెబితే నువ్వు మనసు విరిగి మానేస్తావని మీ అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పుతున్నాను. వెళ్లిపోయినవాళ్ల కోసం నువ్వు ఆ బల్ల మీద పడుకుంటే నేను చూడలేను.

ఆసుపత్రి వాళ్లిచ్చిన తారీఖు నేను రద్దు చేయించలేదు, నీ పేరు మీదే ఉంది. ఆ రోజు పొద్దున నువ్వు ఆసుపత్రికి పోతావో, బ్యాంకుకు పోతావో. ముందు రోజు సాయంత్రానికే మేం నీ గదికి వచ్చేస్తాం. ఎటు బయలుదేరితే అటు నీ వెంట వస్తాం.