గేటు చప్పుడు

రేపల్లె,
12 జూన్ 1994

ప్రియమైన చెల్లి సామ్రాజ్యానికి,

అక్క ఏసమ్మ దీవించి రాస్తున్నది. మేము కులాసా. నువ్వెలా ఉన్నావో ఆ దేవుడికే తెలియాలి, నీ ఉత్తరం చూసి రెండు నెలలైంది. తెనాలి ఏమన్నా సముద్రం అవతల ఉందా అమ్మాయ్? పొద్దున ప్యాసింజరెక్కితే టిఫిన్ల వేళకి ఇక్కడ దిగుతావు. కాలేజీ మధ్యలో హాస్టలుకని వెళ్ళిన మనిషివి, ఎనిమిదేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. నేనే వచ్చి చూద్దామంటే ఏదో పనుందని అరగంటలో లేచి వెళ్ళిపోతావు. అమ్మ పోయిననాడు నీకు పదేళ్ళు. నా కొంగు పట్టుకుని ఈ ఇంటికొచ్చావు. నీకు జడలేసిన చేతులు కదా, ఊరికే ఉండమంటే ఉండలేకపోతున్నాయి.

ఒక మంచి కబురు. చేబ్రోలు నుంచి మీ బావ తమ్ముడి కూతురు దయామణి వస్తోంది. ఇక్కడ డిగ్రీలో చేరుతుందట. నీ గదే ఇస్తున్నాం. మీ బావే దగ్గరుండి సున్నం వేయించారు. ఇంట్లో మళ్ళీ ఒక ఆడపిల్ల తిరుగుతుంటే నీ మీద బెంగ కాస్త తగ్గుతుందేమో. ఆయన నిన్ను అడిగానని రాయమన్నారు.

నీ జవాబు కోసం చూసే
అక్క ఏసమ్మ

---

తెనాలి,
18 జూన్ 1994

ప్రియమైన అక్కకి,

వందనాలు. బాగానే ఉన్నాను. బడి తెరిచారు. రెండో తరగతిలో యాభై మంది, వాళ్ళ మీద అరిచి అరిచి గొంతు పోతోంది.

అక్కా, ఆ దయామణిని హాస్టల్లో చేర్పించండి. మీ ఇంట్లో వద్దు. ఎందుకని అడక్కు.

సాయంత్రాలు నాటకం వేస్తున్నానని చెప్పాను కదా. ఇది నువ్వెరిగిన నాటకం లాంటిది కాదు, పద్యాలూ కిరీటాలూ ఉండవు. బసవేశ్వరరావు గారని రిటైరైన తెలుగు మాస్టారు నేర్పిస్తున్నారు. ఇళ్ళల్లో ఆడపిల్లల మీద జరిగేది పదిహేను నిమిషాలు ఆడతాం. సరిగ్గా ఘోరం జరగబోయే చోట ఆయన గంట కొడతారు. ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోతాం. "ఇప్పుడు ఏం చెయ్యాలో నోటితో చెప్పకండి, పైకొచ్చి చేసి చూపించండి" అంటారు. వచ్చినవాళ్ళు మాలో ఒకళ్ళని తప్పించి ఆ వేషంలో నిలబడతారు. చెడ్డవాడి వేషం మాత్రం ఎవరికీ ఇవ్వం. వాణ్ణి మంచివాణ్ణి చేసేస్తే కథ అక్కడికి అయిపోతుంది, ఇళ్ళల్లో అట్లా అయిపోదు కదా. పొన్నూరులో ఒక ముసలమ్మ చెప్పు తీసుకుని మా ఏసుబాబుని నిజంగానే కొట్టింది, పాపం. వాడిది బావ వేషం.

జులై 9 శనివారం సాయంత్రం బాపట్లలో ఆడుతున్నాం. నువ్వు రావాలి. ఒక్కదానివే రా.

నీ చెల్లెలు
సామ్రాజ్యం

---

రేపల్లె,
27 జూన్ 1994

ప్రియమైన సామ్రాజ్యానికి,

ఏమే, మొహమైనా చూడని పిల్ల నీకేం చేసిందే? దయామణి వచ్చేసింది కూడా. మంచి పిల్ల, చర్చిలో పాడితే పాస్టరుగారు కూడా తలెత్తి చూస్తారు. నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. ఏం రాసిందని రెండుసార్లు అడిగారు, బడి గురించి అన్నాను. చదివి పొయ్యిలో పెట్టాను.

మోకాళ్ళ నొప్పులు. రెండు గురువారాలుగా చర్చిలో స్త్రీల సమాజానికి కూడా పోవడం లేదు. ఇంట్లోనే కూర్చుంటున్నాను.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. బావ ఉన్న నాటకంలో అక్క కూడా ఉండాలిగా. ఆ అక్క ఏం చేస్తుంది?

మీ అక్క
ఏసమ్మ

---

తెనాలి,
2 జులై 1994

ప్రియమైన అక్కకి,

ఆ అక్క ఇంట్లో ఉండదు. గురువారం మధ్యాహ్నం స్త్రీల సమాజానికి వెళ్తుంది. ఆ వేళకే బావ ఆఫీసు నుంచి భోజనానికొస్తాడు. చెల్లెలు గదిలో చదువుకుంటూ ఉంటుంది. మొదట్లో పుస్తకం ఇవ్వడం, భుజం మీద చెయ్యి వెయ్యడం. తర్వాత తలుపు దగ్గరికి వేస్తాడు. చివరిరోజు ఆ పిల్ల గోడకి ఆనుకుపోయి ఉండగా గేటు చప్పుడవుతుంది. వాడు తప్పుకుంటాడు. అక్క లోపలికొస్తుంది. దేవుడే అక్కని పంపించాడనుకుంటుంది ఆ పిల్ల. మర్నాడే హాస్టలుకి వెళ్ళిపోతుంది.

అక్కకి ఏమీ తెలియదు. ఆ పిల్ల చెప్పదు. అక్క నమ్మకపోతే ఆ పిల్లకి లోకంలో ఉన్న ఒక్క మనిషీ లేకుండా పోతుంది. నమ్మితే అక్క బతుకేం కావాలి?

ఎక్కడ ఆడినా అందరూ చెల్లెలి బదులే వస్తారు. అక్క బదులు ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. ఇంట్లో లేని మనిషిని ఏం చెయ్యమంటారు?

ఇంతకన్నా విడమరిచి రాయలేనక్కా. అక్కడ ఇప్పుడు ఇంకో పిల్ల ఉందని తెలిశాక నిద్ర పట్టడం లేదు. నిన్ను చూడాలని ఎంతుందో, చూడాలంటే అంత భయంగా ఉంది.

నీ
సామ్రాజ్యం

---

చేబ్రోలు,
11 జులై 1994

నా తల్లీ సామ్రాజ్యం,

బాపట్ల వచ్చాను. నిన్ను కళ్ళారా చూద్దామని ముందు వరసలో కూర్చున్నాను. నువ్వు లేవు. జ్వరమన్నారు. నీ వేషం రత్తాలనే అమ్మాయి వేసింది.

గంట కొట్టారు. ఒకావిడ పైకెళ్ళి కేకలేసింది. ఒక కాలేజీ పిల్ల ఏసుబాబు చెంప మీద కొట్టింది. తర్వాత నేను లేచాను.

"ఎవరి బదులమ్మా?" అన్నారు మాస్టారు.

"అక్క బదులండి."

"ఆవిడ ఇంట్లో లేదు కదమ్మా, సమాజానికెళ్ళింది."

"లేదండి. ప్రార్థన తొందరగా అయిపోయింది. వచ్చేసింది. కిటికీ దగ్గర నిలబడి చూస్తోందండి."

"చూసి ఏం చేసిందమ్మా?" అన్నారు.

"చప్పుడు కాకుండా వెనక్కి నడిచి గేటు దాకా వెళ్ళిందండి. గేటు గట్టిగా తీసి, గట్టిగా వేసి, అప్పుడే వచ్చినట్టు లోపలికొచ్చింది."

అదీ సంగతి. నిన్ను కాపాడింది దేవుడూ కాదు, నేనూ కాదు. మీ బావ సర్దుకోవడానికి వ్యవధి ఇచ్చాను, అంతే. నువ్వు హాస్టలుకెళ్తానంటే ఎందుకని ఒక్క మాట అడగలేదు. పెట్టె సర్దిచ్చాను. అప్పటి నుంచి రా రా అని రాస్తూనే ఉన్నాను. నువ్వొచ్చి అన్నం తింటే ఏమీ జరగనట్టే అయిపోతుందని నా ఆశ. నీ మీద బెంగ కూడా నిజమే. మోకాళ్ళ నొప్పి మాత్రం అబద్ధం, ఆ పిల్లని ఒంటరిగా వదల్లేక వేసిన వేషం.

"ఇప్పుడు మళ్ళీ ఆడతాం. ఈసారి ఏం చేస్తారు?" అన్నారు మాస్టారు. లోపలికెళ్ళి రత్తాలు చెయ్యి పట్టుకున్నాను. "ఏంటే, ఎక్కడికే?" అని ఏసుబాబు అడ్డం వచ్చాడు. బదులు చెప్పకుండా ఆ పిల్లని మెట్లు దింపి, జనం మధ్యలోంచి రోడ్డు మీదికి తీసుకుపోయాను. నాటకమన్న సంగతే మర్చిపోయానే. టీకొట్టు దాకా పోయాక "అమ్మా, నేను మళ్ళీ లోపలికి పోవాలండి, ఆట ఉంది" అని నవ్వింది. అంతలోనే ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం.

నిన్న ఆరాధన నుంచి రాగానే దయామణి పెట్టె సర్దాను, ఆయన ఎదురుగానే. ఎందుకన్నారు. "ఎందుకో మీకు తెలుసు. ఆ రోజు నేనూ చూశాను" అన్నాను. కుర్చీలో కూలబడ్డారు. పిల్లని ఇక్కడ వాళ్ళమ్మకి అప్పగించి అంతా చెప్పాను. ఆ పిల్లకి ఏమీ కాలేదు. అడిగాను. ఈసారి అడిగాను సామ్రాజ్యం.

నేనూ ఇక్కడే ఉన్నాను. మళ్ళీ ఆ ఇంటికి పోను. క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. తిడుతూ అయినా ఒక్క ముక్క రాయి.

ఏసమ్మ

---

తెనాలి,
29 జులై 1994

ప్రియమైన అక్కకి,

"ప్రియమైన" అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. రెండుసార్లు చింపబోయాను. బాపట్ల రోజు నాకు జ్వరమూ లేదు, గిరమూ లేదు. నీ ఎదుట ఆడలేక గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. అక్కకి తెలియదు అన్న ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళు బతికాను. అదీ లాగేశావు. నీ మీద కోపమంతా బళ్ళో పిల్లల మీద పడుతోంది. ఇంత కోపంలోనూ నీ మీద బెంగ పోవడం లేదు చూడు, అదే ఒళ్ళు మండిస్తోంది.

మాస్టారు నాటకం మార్చారు. అక్క ఇప్పుడు కిటికీ దగ్గరే ఉంటుంది. మొన్న వేమూరులో ఆ వేషంలోకి పదకొండు మంది వచ్చారు. తల్లులు, నాయనమ్మలు, ఒక పోస్టుమాస్టరుగారు. ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి, ఏడ్చి, ఏమీ చెయ్యకుండానే దిగిపోయింది. మిగిలిన పదిమందీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న ప్రతిసారీ మొహం వైపు చూశాను. ఎవరూ నువ్వు కాదు.

ఆగస్టు 6 శనివారం తెనాలిలోనే ఆట. చెల్లెలి వేషం నాదే, ఈసారి తప్పించుకోను. నువ్వు వచ్చి నన్ను రోడ్డు మీదికి తీసుకుపో. అక్కడ నిన్ను ఎంతసేపు తిడతానో నాకే తెలియదు. చెయ్యి మాత్రం వదలకు.

నీ
సామ్రాజ్యం