కంప్యూటర్లో ఎర్ర బొమ్మ

జూన్ 3, మధ్యాహ్నం

ముందే క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు కూడా ఎక్కువే. అయిదో క్లాసుతో బడి మానేశాను. ఇది ఎవరి కోసమో తెలీదు గానీ, నోటితో చెప్పాలంటే నాకు సిగ్గు.

మా ఆయన ఆఫీసులకి సెక్యూరిటీ డిజైన్ చేస్తారు. ఎక్కడ కెమెరా ఉండాలి, ఏ తలుపుకి అలారం ఉండాలి, అన్నీ ముందు కంప్యూటర్లో గీసి, అందులో చిన్న చిన్న మనుషుల్ని నడిపించి చూస్తారు. ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందట. చెయ్యి తిరగడానికి మా ఇల్లే గీస్తున్నారు.

జూన్ 4

టీ ఇవ్వడానికి వెళ్ళి చూశాను. మా వంటగది, మా బాల్కనీ, బట్టలారేసే తీగ కూడా ఉంది. నీలం బొమ్మలు ఇంటివాళ్ళట. ఎర్ర బొమ్మ బయటి మనిషట, అది కదిలితే అలారం మోగుతుందట.

నీలం బొమ్మలు రెండే. ఆయన, అత్తయ్య.

ఎర్ర బొమ్మకి జడ ఉంది. వంటగదిలోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటగదికి తిరుగుతోంది. ప్రతి గుమ్మం దగ్గరా, రావాలా వద్దా అన్నట్టు కాస్త ఆగి, అప్పుడు లోపలికొస్తోంది. అచ్చం నాలాగే.

కప్పు అక్కడ పెట్టి వచ్చేశాను.

జూన్ 5

పెళ్ళై ఇన్ని నెలలైనా నేనింకా బయటి మనిషినేనా?

జూన్ 7

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తయ్య ఒక ముద్ద తిని, ఏమ్మా, సముద్రంలో వండావా అన్నారు. మతి ఎక్కడ పెట్టుకున్నావని కూడా అడిగారు. కంప్యూటర్లో అని ఎలా చెప్పను.

జూన్ 9, సాయంత్రం

అడిగేశాను. ఏవండీ, ఆ ఎర్ర బొమ్మ నేనేనా అని.

ఆయన నవ్వారు. దొంగని నడిపించాలంటే ఎవరిదో ఒక నడక కావాలి కదా, కళ్ళు మూసుకున్నా నాకు తెలిసేది నీ నడకొక్కటే అన్నారు. మరి అత్తయ్యదో అన్నాను. అమ్మ నడవదు, వచ్చేస్తుంది అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నన్ను అంతలా గమనించారని సంతోషించాలా, దొంగకి నా జడ పెట్టారని బాధపడాలా? నన్ను కూడా నీలం చెయ్యండి అన్నాను. సగమే వినబడి ఉంటుంది. ఇంతలో ఆయనకి ఫోనొచ్చింది.

జూన్ 10

పుట్టింటికి వెళ్ళొస్తానని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

జూన్ 12, పొద్దున్న

ఆయన స్నానానికి వెళ్ళారు. కంప్యూటర్ తెరిచే ఉంది.

నేను ఎర్రగానే ఉన్నాను. పక్కన ఆయన కూడా ఎర్రగా ఉన్నారు. ఇద్దరం బాల్కనీలో తీగ కింద తిరుగుతున్నాం. తెర మీద అలారం బొమ్మ ఆగకుండా వెలుగుతోంది.

ఎందుకిలా చేశారో సరిగ్గా అర్థం కాలేదు. ఉప్పు మాత్రం ఈరోజు ఒక్కసారే వేశాను.

ఇది చదివినవాళ్ళు దయచేసి కాల్చెయ్యండి. ఇంటి మనిషిగా మిగిలింది అత్తయ్య ఒక్కరే. ఆవిడ కంటపడితే మేమిద్దరం నిజంగానే బయట నిలబడాలి.