కోయకుండా వదిలిన కొమ్మ

వెర్రిబీ, 18 జులై 1999, ఆదివారం

పక్కింటి మార్గరెట్ ఆంటీ ఇచ్చిన బ్లాక్‌కరెంట్ అనే పుల్లటి నల్లపళ్ళ మొక్కని ఇవాళ పెరట్లో నాటాను. నాటగానే కొమ్మలన్నీ నేలదాకా కత్తిరించెయ్యమంది. "ఈ సమ్మర్‌కి కాయలుండవు. పై సమ్మర్‌కి విరగకాస్తుంది" అంది.

పై సమ్మర్‌కట! మా ఆయన వైటూకే కంప్యూటర్ కాంట్రాక్టు డిసెంబరుతో సరి. ఆ తర్వాత ఇక్కడే ఉంటామా అని ఎన్నిసార్లడిగినా "చూద్దాంలే" అంటారు. ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

ఆంటీ వెళ్ళిపోయాక ఒక్క కొమ్మ మాత్రం కోయకుండా వదిలేశాను. కోయని కొమ్మకి డిసెంబర్లోనే, ఇక్కడి ఎండాకాలం మొదట్లోనే, నాలుగు కాయలొస్తాయట. వెళ్ళేలోపు మా పాప నోట్లో పెట్టొచ్చు కదా అనుకున్నా. వెళ్ళిపోతామని నేనే తేల్చేసినట్టయిందని అప్పట్నించీ మనసు కుదురుగా లేదు.

సాయంత్రం ఈయన చూసి, "ఇదొక్కటే ఎందుకుంచావ్?" అన్నారు.

"చూద్దాంలే" అన్నాను.