గీకేసిన నీలం

రాజోలు,
ఏప్రిల్ 18.

ప్రియమైన చెల్లి ఎస్తేరుకు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమమే, నా బుర్ర ఒక్కటీ తప్ప. ఫోన్లో చెబుదామంటే నాన్న పొద్దస్తమానూ నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. అందుకని రాస్తున్నాను.

కామందుగారి కొబ్బరితోటలో నాన్న ముప్ఫై ఏళ్ళు తోలిన చిన్న ట్రాక్టరు గుర్తుందా, చెట్ల వరసల మధ్య పట్టేలా ఉండేది? వాళ్ళ మనవడు పాత షెడ్డు పడగొట్టిస్తూ దాన్ని ఇనపసామాన్లవాడికి వేసేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక నాకూ చేతులు ఖాళీయే కదా. బాగుచేసి, కొత్తగా రంగు వేసి, నాన్నని ఎక్కించి ఊరంతా తిప్పాలని నా ఆశ. ఎనభై అయిదేళ్ళ మనిషి మురిసిపోతాడనుకున్నాను.

మురిసిపోవడమా! మెకానిక్కు వీరన్న ఇంజను విప్పుతుంటే నాన్న అతనితో "ఆ బోల్టు అటు కాదండి, ఇటు తిప్పాలి" అని మర్యాదగా చెబుతాడు. నేను ఏదడిగినా కొబ్బరాకుల కేసి చూస్తాడు. ఇక మీ వదిన బేబీ సంగతి చెప్పక్కర్లేదు. వరండా నిండా చక్రాలు, బట్టలారేసే తీగ మీద తుప్పుపొడి. చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీరకి గ్రీజు అంటిన దగ్గర్నుంచి నా కాఫీ గ్లాసు గట్టు మీద ఠంగుమని పెట్టి వెళ్ళిపోతోంది.

నాలుగు రోజులుగా పాత రంగు గీకుతున్నాను. ఎవడో మతిలేనివాడు పడవలకి వేసే నీలంరంగు తెచ్చి చీపురుతో కొట్టినట్టు పూసేశాడు. ఉప్పుకాగితాలు కట్టలు కట్టలు అరిగిపోతున్నాయి, అది మాత్రం ఊడదు. "ఎవడు వేశాడోగానీ వాడికి రంగంటే ఏమిటో తెలీదు" అని గట్టిగానే తిట్టాను. నాన్న కుర్చీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మధ్యలో ఆయనకేం కోపమో నాకు అంతుపట్టలేదు.

నీ అన్నయ్య,
సుందరరావు

రాజోలు,
మే 27.

చెల్లీ ఎస్తేరూ,

నీ జవాబు అందింది. ఓపిక పట్టమని రాశావు. ఆస్పత్రిలో నర్సువి, నీకు అలవాటు. నాకున్న ఓపిక కాస్తా అయిపోయింది.

ట్రాక్టరు కంపెనీలోంచి వచ్చినప్పుడు ఏ రంగులో ఉండేదో, నా చిన్నప్పుడు చూసిన అదే నారింజరంగు, వెతికి వెతికి కలిపించాను. వీరన్న చేత రెండు కోటింగులు కొట్టించాను. మధ్యలో వాన పడి ఒకసారి మొత్తం బుడగలు లేచిపోతే మళ్ళీ మొదలుపెట్టాం. చివరికి అద్దంలా తయారైంది. నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది ఆ బండి కాదు" అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే! అప్పట్నుంచి వరండాలోకి రావడం మానేశాడు. భోజనం కూడా నాతో కలిసి చెయ్యడం లేదు. ఉండబట్టలేక నిన్న కేకలేశాను. అరిచాక సిగ్గేసింది.

ఇంత పంతం నాకెందుకో నీకు చెప్పాలి. ఇది మీ వదినకి కూడా తెలీదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వానరోజు అన్నం క్యారేజీ ఇంట్లో మర్చిపోయాను. నాన్న ఈ ట్రాక్టరు మీదే హైస్కూలు గేటు దగ్గరికి తెచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, తలకి తువ్వాలు, మోకాళ్ళదాకా బురద. పక్కన స్నేహితులు "ఎవర్రా?" అన్నారు. "మా ఊరి ట్రాక్టరు డ్రైవరు" అన్నాను. నాన్న మూడడుగుల దూరంలో ఉన్నాడు. క్యారేజీ నా చేతికిచ్చి, "తినండి బాబూ" అని వెళ్ళిపోయాడు. కామందుగారి పిల్లలతో మాట్లాడినట్టు నాతో మాట్లాడాడు, ఎస్తేరూ. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. నలభై ఎనిమిదేళ్ళయింది. ఆ బండి మీద ఆయన్ని కూర్చోబెట్టి, అందరి ముందూ నేను పక్కన నడిస్తే నా తప్పు కొంతైనా తీరుతుందనుకున్నాను. ఆయన ఎక్కనంటే నేనేం చెయ్యను?

నీ అన్నయ్య,
సుందరరావు

రాజోలు,
జూన్ 9.

చెల్లీ,

మొన్న నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు సంస్కారం ఇస్తుంటే నాన్న తీసుకోలేదు. మనసులో ఒకరి మీద కోపం ఉంచుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని ఆయన పట్టు, నీకు తెలుసుగా. అందరూ లేచి వెళ్తుంటే తలొంచుకుని బల్ల మీదే ఉండిపోయాడు. ఆ కోపం నా మీదేనని నాకు అర్థమైంది. ఇంటికొచ్చాక కాళ్ళ దగ్గర కూర్చుని హైస్కూలు సంగతి మొత్తం చెప్పి, క్షమించమన్నాను.

నాన్న నా మొహం కేసి వింతగా చూశాడు. "అదా! ఇన్నాళ్ళు అదెట్టుకు కూర్చున్నావా? ఆ రోజు గుండె కలుక్కుమందిరా, లేదనను. సాయంత్రం వచ్చి నా పక్కలో పడుకున్నావు. అక్కడితో అయిపోయింది."

"మరి సంస్కారం ఎందుకు తీసుకోలేదు?"

"ఆ నీలం ఎందుకు గీకేసేవు?" అన్నాడు. "తొంభై ఆరు తుఫానుకి ఆ బండి మూడ్రోజులు ఉప్పునీళ్ళలో ఉంది. పారెయ్యమన్నారు కామందుగారు. నేనే విప్పి, కడిగి, మళ్ళీ బిగించేను. ఉప్పుగాలికి నిలవాలని సఖినేటిపల్లి రేవులో పడవలోళ్ళని బతిమాలి రంగు తెచ్చేను. ఎడంపక్క నేను, కుడిపక్క మీ అమ్మ, రెండ్రోజులు పూసేం. ఇంజను కామందుగారిది, చక్రాలు కామందుగారివి. రంగొక్కటే నాది. అది గీకి పారేసి నన్నెక్కి కూర్చోమంటావు."

అప్పుడు నేను రంపచోడవరంలో ఉద్యోగం, నువ్వు విశాఖలో ట్రైనింగు. ఇంటికొచ్చినా ఆ బండి కేసి ఎన్నడైనా చూశామా మనం?

"నీ ఎదురుగానే గీకేను కదా నాన్నా, ఒక్క మాట చెప్పొచ్చుగా!" అన్నాను.

"మతిలేనోడన్నావు. ఇంకేం చెప్పను?"

హెడ్మాస్టరునని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను. ఈసారి క్షమించమని అడిగింది నీలంరంగు కోసం. "చూద్దాంలే" అన్నాడు. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ రాలుతుందా ఆయన నోట్లోంచి!

రేపు రేవుకి వెళ్తున్నాం. సరైన నీలం పోల్చడం నాకు చేతకాదట, ఆయనా వస్తాడట. నారింజరంగంతా మళ్ళీ గీకాలి. మీ వదిన పుట్టింటికి పోతానని పెట్టె దింపింది. మళ్ళీ సంస్కారం ఇచ్చే జూలై మొదటి ఆదివారంలోగా పని పూర్తి కావాలి.

ఎడంపక్క ఆయనే పూస్తానన్నాడు. కుడిపక్కకి అమ్మని నేనెక్కణ్ణుంచి తేను? సెలవు పెట్టుకుని నువ్వు రా ఎస్తేరూ. ఆ పక్క నీకోసం ముట్టుకోకుండా ఉంచుతాను.

నీ కోసం చూస్తూ,
అన్నయ్య సుందరరావు